అడుగు పళ్లెంలో అయస్కాంతం

పక్కింటి వెర్నా కారును ఆర్లిన్ కోవాచ్ ఊళ్లో ఊరికే తిప్పుతున్నాడు. గేర్‌బాక్స్‌లో నూనె మార్చే ముందు బండిని కాసేపు నడపాలి. అప్పుడు నూనె వెచ్చబడి పలచగా దిగుతుంది, అడుగున చేరిన మడ్డి కూడా దానితోపాటు వచ్చేస్తుంది. మరీ కాగితే మాత్రం చేతులు బొబ్బలెక్కుతాయి. ఎంత వేడి సరిపోతుందో ఎమెట్‌కి తెలిసేది. ఎమెట్ పోయిన చలికాలం చనిపోయాడు. అందుకని ఆర్లిన్ చర్చి దాకా వెళ్లి, మూతపడ్డ ఫ్యాక్టరీ గేటు ముందు నుంచి తిరిగి వచ్చి, ఇక చాలనుకుని, చాలదేమోనని మళ్లీ అదే చుట్టు కొట్టాడు.

రెండో చుట్టులో ఇంటి ముందు నుంచి పోతుంటే వెర్నా వరండాలోకి వచ్చి చెయ్యి ఊపింది. అతనూ ఊపాడు. చెవులు వేడెక్కాయి. అరవై దాటిన మనిషికి చెవులు వేడెక్కడమేమిటని ఎవరైనా అడగొచ్చు. ఆర్లిన్‌కి చిన్నప్పటి నుంచీ అంతే. సిగ్గు ముందు చెవులకి తెలుస్తుంది, ఆ తర్వాతే అతనికి.

వెర్నా ఎమెట్ భార్య. ఆర్లిన్‌ది పక్కిల్లు. రెండిళ్ల మధ్య కంచె లేదు, ఎవరికి తీరిక దొరికితే వాళ్లు రెండు వైపులా గడ్డి కోసేవాళ్లు. ఆర్లిన్ పెళ్లి చేసుకోలేదు. తల్లి ఉన్నన్నాళ్లూ తల్లితో ఉన్నాడు, ఆవిడ పోయాక అదే ఇంట్లో ఉండిపోయాడు. ఆదివారం భోజనం మాత్రం ఎమెట్ వాళ్లింట్లోనే. ఆ బల్ల దగ్గర అతనికంటూ ఒక కుర్చీ, అల్మరాలో అతనికంటూ ఒక కప్పు ఉండేవి. ఇప్పుడు ఆ కప్పును కూడా వెర్నా పాత పేపర్లలో చుట్టేసింది. ఇల్లు అమ్ముడుపోయింది. ఈ మధ్యాహ్నం ఆమె బయల్దేరి జార్జియాలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతుంది. మళ్లీ రాదు. ఆ దారిలో సగం కొండలే.

పోయిన ఆదివారం బఠాణీల గిన్నె అందిస్తూ ఆమే కదిపింది.

"గేరు మారేటప్పుడు బండి కాస్త తడుముకుంటోంది ఆర్లిన్. ఎమెట్ మంచాన పడ్డాక నూనె మార్చిందే లేదు. మెకానిక్ షాపులో ఇచ్చి రానా?"

అవును, ఇచ్చిరా అంటే సరిపోయేది. రెండు మాటలు. ఆర్లిన్ నోట్లో బంగాళాదుంప ముద్ద ఉంది, దాన్ని మింగి, "షాపెందుకు, నేను లేనూ" అన్నాడు. ఆ మాట ఎలా వచ్చిందో అతనికే తెలియదు. వెర్నా ముఖం తేటపడింది. ఆ ముఖం చూశాక దాన్ని వెనక్కి తీసుకోవడం అతని వల్ల కాలేదు. అప్పటి నుంచి వారమంతా తిన్నది ఒంటపట్టలేదు.

అసలు సంగతేమిటంటే, ఆర్లిన్ తన జీవితంలో గేర్‌బాక్స్ నూనె మార్చలేదు.

మా వీధిలో ఈ మాట చెబితే నమ్మేవాళ్లు లేరు. ఫ్యాక్టరీ నడిచినంత కాలం అక్కడ తయారైనవి కార్లకి పెట్టే ఆటోమేటిక్ గేర్‌బాక్సులే. ఎమెట్, ఆర్లిన్ ఇద్దరూ ఒకే షిఫ్టులో, ఒకే బండిలో వెళ్లి వచ్చేవాళ్లు. వీధికి కొత్తగా ఎవరొచ్చినా ఎమెట్ ఆర్లిన్ భుజం మీద చెయ్యి వేసి, "గేర్‌బాక్సు సంగతేదైనా ఉంటే మా ఇద్దరినీ అడగండి" అనేవాడు. ఎమెట్‌ది రిపేరు బల్ల. తేడా వచ్చిన పెట్టె ఏదైనా విప్పి, గేరు పళ్లూ క్లచ్ పలకలూ బయటపెట్టి, ఎక్కడ జబ్బుందో చెప్పేసేవాడు. ఆర్లిన్‌ది మాత్రం ఒక్కటే పని. గేర్‌బాక్సు కింద బిగించే అడుగు పళ్లేలు వరసగా బెల్టు మీద వస్తుంటాయి. ప్రతి పళ్లెం మూలలో చిన్న గుంట ఉంటుంది. ఆ గుంటలో బిళ్లంత అయస్కాంతం పెట్టాలి. టక్కున అతుక్కుంటుంది. తర్వాతి పళ్లెం. టక్. పాతికేళ్ల పైమాట, అదే. లోపల పళ్లు అరిగి రాలే ఇనప పొడి నూనెలో తిరక్కుండా ఆ అయస్కాంతం పట్టుకుంటుందని చేరిన రోజు ఎవరో చెప్పారు. ఆ తర్వాత ఎవరూ ఏమీ చెప్పలేదు, అతనూ అడగలేదు. షిఫ్టులో అతన్ని పేరుతో పిలిచినవాళ్లు తక్కువ. "ఏయ్, అయస్కాంతం" అనేవాళ్లు. చివరి ఏళ్లలో ఆ పనికి యంత్రం చెయ్యి వచ్చింది. అది సరిగ్గా పెడుతోందో లేదో చూడమని ఆర్లిన్‌ని దాని పక్కన నిలబెట్టారు. అది ఎప్పుడూ తప్పలేదు.

శనివారాల్లో ఎమెట్ తన కారు కిందో, ఆర్లిన్ కారు కిందో దూరితే ఆర్లిన్ చేతిలో లైటు ఉండేది. "అటు కాదురా, నా చేతి మీద పడాలి" అని ఎమెట్ అరిచేవాడు. చూసిపోయే వాళ్లకి ఇద్దరు పనివాళ్లు పని చేస్తున్నట్టే ఉండేది. ఆర్లిన్‌కి అదే హాయి. అదే సిగ్గు కూడా. హాయి శనివారం సాయంత్రానికల్లా తీరిపోయేది. సిగ్గు మాత్రం వారమంతా ఉండేది.

బండిని వెర్నా ఇంటి ముందుకు తెచ్చి, ఎమెట్ ఇనప ర్యాంపుల మీదకి మెల్లగా ఎక్కించాడు. ముందు చక్రాలు పైకి లేచాయి. వెనక చక్రాలకి చెక్క దిమ్మెలు అడ్డం పెట్టాడు. కింద పాత అట్టపెట్టె విప్పి పరిచాడు. వెడల్పు తొట్టి, గరాటు, గుడ్డలు, కొత్త ఫిల్టరు పెట్టె, ఎర్ర నూనె సీసాలు అన్నీ వరసగా పెట్టాడు. ఎమెట్ ఇలా వరసగా పెట్టేవాడు కాదు, అన్నీ కాళ్ల కింద పడేసుకునేవాడు. తెలిసినవాడికి వరస అక్కర్లేదు.

కారు ర్యాంపులెక్కితే మా వీధి మగవాళ్లకి పిలుపు అందినట్టే. ఎదురింటి గ్లెన్ కాఫీ కప్పుతో వచ్చి నిలబడ్డాడు. పోస్టాఫీసులో చేసి రిటైరైన మనిషి, ఇతరుల పని చూడటంలో ఆయనకి మించినవాడు లేడు.

"ఏమోయ్ ఆర్లిన్, వెర్నాకి ఆఖరి సేవా?"

"ఆ."

"చాలాకాలం మార్చని నూనెని కదిపితే గేర్‌బాక్సు పడుకుంటుందంటారే. ఆ మడ్డే దాన్ని పట్టి ఉంచుతుందట. నిజమేనంటావా?"

కారు కింద వెల్లకిలా పడుకున్న ఆర్లిన్ చేతిలో పానా ఆగిపోయింది. ఈ మాట అతనూ విన్నాడు. ఎమెట్‌ని అడుగుదామని ఎన్నోసార్లు అనుకున్నాడు, అడిగితే తనకి తెలియదని తేలిపోతుందని మానేశాడు. కొండల మధ్య ఏ మలుపులోనో ఇంజను మోత మోగుతూ బండి మాత్రం కదలకుండా నిలబడిపోవడం, లోపల వెర్నా ఒక్కతే కూర్చుని ఉండటం కళ్లకు కట్టింది. ఇప్పుడైనా చెప్పెయ్యొచ్చు. బండిని ర్యాంపుల మీంచి దించి షాపుకి తీసుకుపోవచ్చు.

"ముందు నూనె చూడాలి" అన్నాడు.

ఎమెట్ ఎవరేమడిగినా మొదట అనే మాట అది. ఏ జబ్బుకైనా సరిపోతుంది. దాని మీదే ఆర్లిన్ ఇన్నేళ్లు బతికాడు. గ్లెన్ పెద్ద డాక్టరు మాట విన్నట్టు తలాడించాడు.

బోల్టులు మొదట మొండికేశాయి, తర్వాత లొంగాయి. ఒక వైపువి సగం దాకా వదులు చేసి వదిలెయ్యాలి, రెండో వైపువి పూర్తిగా తీసెయ్యాలి. అప్పుడు పళ్లెం ఒక పక్కకి వంగి నూనె తొట్టిలోకి ధారగా పడుతుంది. అంతవరకు గుర్తుంది. కానీ నూనె కారకుండా పళ్లెం అంచున పెట్టే ప్యాకింగు బంకలా పట్టుకుపోయింది. స్క్రూడ్రైవరుతో మూల దగ్గర లేపాడు, రాలేదు. గట్టిగా లేపాడు. పళ్లెం ఒక్కసారిగా ఊడి వంగింది. తొట్టిలో పడాల్సిన నూనెలో పావు వంతు అతని మోచేతి మీదుగా చంకలోకి పోయింది, మెడ కిందకి పాకింది.

"స్నానమా?" అన్నాడు గ్లెన్.

"మొదట్లో కొంచెం ఇలా కారనివ్వాలి" అన్నాడు ఆర్లిన్ కింద నుంచి.

"అలాగా" అన్నాడు గ్లెన్ గౌరవంగా. ఆ గౌరవం కంటే గట్టిగా నవ్వి ఉంటే ఆర్లిన్‌కి బాగుండేది. కప్పులో కాఫీ అయిపోవడంతో గ్లెన్ ఇంటికి వెళ్లిపోయాడు.

నూనె టీ డికాక్షన్ రంగులో ఉంది. మాడిన వాసన మాత్రం లేదు. మాడిన వాసన వస్తే లోపల పలకలు కాలిపోయాయని అర్థమని ఎమెట్ అనేవాడు. ఆర్లిన్ మూడుసార్లు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకున్నాడు. తర్వాత పాత ఫిల్టరు పట్టుకుని కిందకి లాగాడు. అది వచ్చేసింది, కానీ దాని మెడ చుట్టూ ఉండాల్సిన రబ్బరు సీలు లేదు. ఎమెట్ గొంతు చెవిలో వినిపించినట్టయింది. "చూడరా, దొంగవెధవ పైనే కూర్చుంటుంది. దాన్ని తియ్యకుండా కొత్తది ఎక్కించామో, చచ్చామే." లైటు పట్టి చూస్తే నిజంగానే కన్నంలో పాత సీలు నల్లగా అతుక్కుని ఉంది. గోడలు గీసుకోకుండా దాన్ని ఊడబీకడానికి చాలాసేపు పట్టింది. నోట్లో లైటు, రెండు చేతులూ పైన. అది చివరికి అరచేతిలో పడ్డప్పుడు ఆర్లిన్ దాన్ని చూసి నవ్వుకున్నాడు. ఇదొక్కటీ మర్చిపోతానేమోనని వారమంతా భయపడ్డాడు.

పళ్లెం తీసుకుని బయటికి వచ్చి అట్ట మీద కూర్చున్నాడు. ఎండ పడుతోంది. పళ్లెం అడుగున నల్లటి బురద. మూలలో, ఆ గుంటలో, ఒక చిన్న ముద్ద.

వేళ్లతో పట్టి లాగాడు. ఎక్కడ పట్టాలో, ఎంత బలం పెట్టాలో చేతికే తెలిసింది. ముద్ద ఊడి వచ్చింది. గుడ్డతో తుడిచాడు. బూడిదరంగు ఇనప పొడి మెత్తగా, నూగులా వచ్చింది. ఎంత తుడిచినా ఇంకా వచ్చింది. పొరల కింద నుంచి చివరికి నల్లటి నున్నటి బిళ్ల బయటపడింది.

ఈ బండి గేర్‌బాక్సు వాళ్ల ఫ్యాక్టరీదే, అది బాగా నడిచిన రోజుల్లోది. యంత్రం చెయ్యి రాకముందుది. ఈ బిళ్ల తన చేతులతో పెట్టిందే అయ్యుండాలి. తను పెట్టినవి ఎన్ని లక్షలో అతనికి తెలియదు, ఒక్కటి కూడా మళ్లీ చేతికి రాలేదు. శనివారాల్లో పళ్లెం కడిగేది ఎప్పుడూ ఎమెట్. బెల్టు మీద నుంచి వెళ్లిపోయాక అవి ఏమయ్యాయో ఏనాడూ ఆలోచించలేదు. ఇది ఇన్నేళ్లూ చీకట్లో, నూనెలో కూర్చుని పని చేసింది. పడ్డ పొడినల్లా పట్టి దాచింది. ఆర్లిన్ దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. తనకి కలిగింది సంతోషమేనని కాసేపటికి తెలుసుకున్నాడు. బిళ్లని మరోసారి పొడిగుడ్డతో మెరిసేట్టు తుడిచి, దుమ్ము పట్టకుండా, చేతికి అందేలా ర్యాంపు లోపలి వైపు ఇనుముకి అంటించాడు. టక్కున అతుక్కుంది. ఆ తర్వాత పళ్లెం కడగడం మొదలుపెట్టాడు.

పళ్లెం తుడిచి ఆరబెడుతుండగా వెర్నా వచ్చింది. ఒక చేతిలో హామ్ శాండ్‌విచ్, ఇంకో చేతిలో కాఫీ పోసిన అతని కప్పు. పేపర్లు విప్పి మళ్లీ బయటికి తీసినట్టుంది. పక్కనున్న మడత కుర్చీలో కూర్చుంది.

"తిను. చేతులు కడుక్కోకపోయినా పర్లేదులే, ఎమెట్ ఎప్పుడు కడుక్కున్నాడు గనక."

ఆర్లిన్ గుడ్డతో పట్టుకుని కొరికాడు. వెర్నా కారు కిందకి వంగి చూసి, ఏమీ అర్థం కాక, నవ్వి వెనక్కి వాలింది.

"ఆసుపత్రిలో ఉన్నప్పుడు నాకు బండి బెంగ పట్టుకుంది, నీకు తెలుసా? ఆయన పోతున్నాడు, నాకేమో బండి బెంగ. సిగ్గులేని దాన్ని. పైకే అనేశాను, ఇక దీన్ని ఎవరు చూస్తారని. ఏమన్నాడనుకున్నావ్?"

"ఏమన్నాడు?"

"ఆర్లిన్ ఉన్నాడు కదే అన్నాడు. వాడికి నాకంటే బాగా తెలుసు, నేను ఊరికే కిందకి దూరి హడావుడి చేసేవాణ్ని, చెయ్యి తిప్పేది వాడే అన్నాడు. అప్పటికి సరిగ్గా మాట కూడా రావట్లేదు ఆయనకి. ఇది మాత్రం తేటగా చెప్పాడు."

ఆర్లిన్ కాఫీ తాగాడు. చెవులు కాలిపోతున్నాయి.

అబద్ధం. తనెవరో, తనకేమి తెలుసో లోకంలో పూర్తిగా తెలిసింది ఎమెట్‌కి ఒక్కడికే. అలాంటివాడు చావు మంచం మీద ఊపిరి కూడదీసుకుని పెళ్లాం దగ్గర స్నేహితుడి పరువు నిలబెట్టాడు. లేదా తను పోయాక ఆర్లిన్ ఆ ఇంటికి ఏదో ఒకలా పనికొచ్చేలా దారి వేసి పోయాడు. ఏదైనా ఒకటే. ఆర్లిన్‌కి ఆ క్షణాన నేల విడిపోయి లోపలికి తీసుకుంటే బాగుండుననిపించింది. ఎమెట్ మీద కోపం కూడా వచ్చింది. అంత మాట అనమని ఎవరు అడిగారు?

"నిజం వెర్నా, నేను..." అని మొదలుపెట్టాడు.

"నువ్వేమీ అనక్కర్లేదు" అంది ఆమె. లేచి, అతని భుజం మీద, నూనె మరక లేని చోటు వెతికి, రెండుసార్లు తట్టింది. "మీ ఇద్దరూ ఇంతే. మెచ్చుకుంటే పారిపోతారు."

అతను నిజంగానే పారిపోయాడు. పళ్లెం పట్టుకుని గబగబా కారు కిందకి దూరాడు. అక్కడైతే ముఖం కనిపించదు. కొత్త సీలు, కొత్త ఫిల్టరు ఎక్కించాడు. అది గట్టిగా కూర్చున్న శబ్దం విన్నాడు. కొత్త ప్యాకింగు పెట్టి, పళ్లెం పైకి పట్టి, బోల్టులు ముందు వేళ్లతో తిప్పి, తర్వాత పానాతో ఈ మూలదొకటి ఆ మూలదొకటిగా బిగించాడు. అతిగా బిగిస్తే పళ్లెం అంచు వంగి నూనె కారుతుంది. ఎక్కడ ఆపాలో ఎమెట్ మణికట్టుకు తెలిసేది. ఆర్లిన్ మణికట్టు భయం కొద్దీ సరైన చోటే ఆగింది.

పాత నూనెని ఖాళీ పాల డబ్బాల్లోకి వంపాడు. ఎంత దిగిందో అంతే పొయ్యాలి. పొడుగు గరాటు పెట్టి, కొత్త నూనె పోశాడు. చెర్రీ పళ్ల రసంలా ఎర్రగా ఉంది. ఇంజను స్టార్టు చేసి, బ్రేకు మీద కాలు ఆనించి, గేరు ఒక్కో గడిలోకీ మెల్లగా జరిపాడు. రివర్సులోకి వేసినప్పుడు ఒక్క క్షణం ఏమీ కాలేదు. ఆ క్షణంలో ఆర్లిన్ దేవుణ్ని తలుచుకున్నాడో, ఎమెట్‌ని తలుచుకున్నాడో చెప్పలేం. తర్వాత గేరు పట్టుకుని బండి చిన్నగా కదిలింది. ర్యాంపుల మీద నుంచి వెనక్కి దించి, చదునుగా నిలిపి, ఇంజను నడుస్తుండగానే నూనె కడ్డీ తీసి చూశాడు. కాస్త తగ్గింది. పోశాడు. చూశాడు. ఇంకాస్త పోశాడు. గీతకి వచ్చింది. ర్యాంపుల్ని పక్కకి ఈడ్చి, మళ్లీ ఊరు చుట్టూ తిప్పి తెచ్చాడు. గేర్లు ఒకదాని వెనక ఒకటి ఏ తడుములాటా లేకుండా పడ్డాయి. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒంటరిగా కారులో కూర్చుని, "చేశానురా" అన్నాడు పైకే.

వెర్నా సామాను సర్దుకోవడానికి ఆట్టే సేపు పట్టలేదు. పెద్దవన్నీ ముందే లారీలో వెళ్లాయి. వెనక సీట్లో మొక్కల కుండీలు, రెండు రజాయిలు, గాజు సామాను పెట్టె. ఆర్లిన్ చేతులు సబ్బుతో తోముకుని వచ్చాడు, అయినా గోళ్ల చుట్టూ నలుపు పోలేదు. ఆమె అతన్ని కౌగలించుకుంటే ఆమె బట్టలకి మరక అంటుతుందని చేతులు రెండూ పక్కలకి ఎడంగా పెట్టి నిలబడ్డాడు.

"ఎమెట్ పానాలు, ర్యాంపులు అన్నీ నువ్వు తీసుకో. మిగతా సామాన్లు షెడ్డులోనే వదిలేశాను. నీ చేతిలోనే ఉండాలి అవి."

"సరే."

"నీ కప్పు వరండా మెట్టు మీద పెట్టాను."

"సరే. కొండలు దిగేటప్పుడు బ్రేకు మీద ఊరికే కాలు పెట్టకు."

"ఎమెట్ కూడా ఇదే చెప్పేవాడు."

ఇది కూడా ఎమెట్ మాటే. అరువు తెచ్చుకున్నానని ఆర్లిన్ చెప్పలేదు. కారు వెనక్కి వచ్చి, తిరిగి, మెల్లగా వీధి చివరికి వెళ్లింది. అక్కడ ఆగింది, ఇండికేటరు వెలిగింది, కుడివైపు తిరిగింది. గ్లెన్ తన వరండాలో నుంచి చెయ్యి ఊపాడు. ఆర్లిన్ చెయ్యి ఎత్తేసరికి కారు లేదు. కారు నిలిపిన చోట నేల మీద కొత్త నూనె చుక్క ఒక్కటి కూడా లేదు. వంగి చూశాడు, చేత్తో తడిమి చూశాడు. పొడిగా ఉంది. చాలాకాలానికి అతనికి ఆకలేసింది.

ర్యాంపులు తన గ్యారేజీలో పెట్టుకుందామని మొదటిదాన్ని భుజానికి ఎత్తుకుని వెళ్లి గోడకి ఆనించాడు. రెండోదాన్ని ఎత్తి లోపలి వైపు పట్టు కోసం చెయ్యి పోనిస్తే వేళ్లకి నున్నగా, గుండ్రంగా ఏదో తగిలింది.

ఏమిటో చూడక ముందే చేతికి తెలిసిపోయింది. ర్యాంపు కింద పెట్టాడు. మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు.

బోల్టులు మర్చిపోలేదు. సీలు మర్చిపోలేదు. ఫిల్టరు, ప్యాకింగు, నూనె కొలత, తనకి ఎప్పుడూ రానివన్నీ గుర్తుపెట్టుకుని చేశాడు. తనకి వచ్చింది లోకంలో ఒక్కటే. దాన్ని వదిలేశాడు. జీవితంలో ఎప్పుడూ ఒక్క పళ్లెం ఖాళీగా పోనివ్వని మనిషి, ఇవాళ పోనిచ్చాడు, అదీ వెర్నాది. ఇంతకంటే సిగ్గుచేటు ఇంకేముంటుంది?

చాలాసేపు అలాగే కూర్చుని, వెనక్కి పిలిపించాలా, బండిలో వెంటపడాలా అని లెక్కలు వేశాడు. వేస్తూ వేస్తూ ఉండగా ఇంకో సంగతి తెలిసి వచ్చింది. మొదటిదానికంటే ఇది ఎక్కువ బాధపెట్టింది. ఏమీ కాదు. కొత్త నూనె, కొత్త ఫిల్టరు. ఈ బిళ్ల లేకపోయినా ఆ బండి కొండలెక్కుతుంది, దిగుతుంది, జార్జియా చేరుతుంది, ఇంకా ఎన్నేళ్లో తిరుగుతుంది. తేడా ఎవరికీ తెలియదు.

సాయంత్రం డబ్బా సూప్ వెచ్చబెట్టుకుంటుంటే ఫోను మోగింది. వెర్నానే. వెనక ప్లేట్ల చప్పుడు, ఎవరో నవ్వుతున్న చప్పుడు.

"కెంటకీలో దారి పక్క హోటల్లో ఆగాను, తినడానికి. కొండలు సగం దాటేశాను ఆర్లిన్. గేర్లు ఎంత మెత్తగా పడుతున్నాయో. అచ్చం ఎమెట్ చేసినట్టే ఉంది."

చెవులు వేడెక్కాయి. ఇక్కడితో ఊరుకుంటే ఈ మాట అతనికి చచ్చేదాకా సరిపోయేది. ఆర్లిన్ స్టవ్ ఆపాడు.

"వెర్నా, నీ గేర్‌బాక్సు అడుగున ఒక అయస్కాంతం ఉంటుంది. అది పెట్టడం మర్చిపోయాను."

"ప్రమాదమా?"

"కాదు."

"బండి ఆగిపోతుందా?"

"ఆగదు. అది లేకపోయినా నడుస్తుంది. నీకు తేడా తెలీదు."

"మరెందుకు పెడతారు దాన్ని?"

ఆర్లిన్ గోడకి ఆనుకున్నాడు. "ఫ్యాక్టరీలో నా పని అదే. అదొక్కటే వెర్నా. పళ్లెంలో అయస్కాంతం పెట్టడం. గేర్‌బాక్సు గురించి నాకింకేమీ తెలీదు, ఎప్పుడూ తెలీదు. ఎమెట్ చేస్తుంటే నేను లైటు పట్టుకునేవాణ్ని. ఆయన నీకు అబద్ధం చెప్పాడు. నేనూ చెప్పాను."



"అంటే మిగతాదంతా చేసేసి" అంది వెర్నా నెమ్మదిగా, "నీ పని ఒక్కటీ మర్చిపోయావన్నమాట."

"అవును."

ఆమె నవ్వింది. ఎమెట్ పోయాక ఆ నవ్వు ఆర్లిన్ వినలేదు. ఆపుకోలేక, మాట రాక, దగ్గి, మళ్లీ నవ్వింది. "ఆయన ఉంటే దీనికి నెల్లాళ్లు నవ్వేవాడు. అందరికీ చెప్పేవాడు." తర్వాత ఆ నవ్వు ఎక్కడో గొంతులో ఇంకోలా మారింది, ముక్కు చీదుకున్న చప్పుడైంది. ఆర్లిన్ కూడా నవ్వబోయాడు, కుదరలేదు. సిగ్గు అలాగే ఉంది. కాకపోతే ఇప్పుడు అది ఇద్దరికి తెలుసు.

"పోస్టులో పంపనా?" అన్నాడు. అడిగాక తనకే తెలిసింది ఎంత తెలివితక్కువ ప్రశ్నో.

"నేనేం చేసుకోను దాన్ని? నీ దగ్గరే ఉంచుకో." పక్కన ఎవరో ఏదో అడిగితే ఆమె జవాబిచ్చింది. "నా భోజనం వచ్చింది ఆర్లిన్. చేరాక చేస్తాను. నువ్వు కూడా తిను."

ఫోను పెట్టేశాడు. సూప్ మీద మీగడలా పొర కట్టింది. జేబులో నుంచి బిళ్ల తీసి, మరోసారి చొక్కా అంచుతో తుడిచి, ఎక్కడ పెట్టాలో తోచక ఫ్రిజ్ తలుపు దగ్గరికి తీసుకెళ్లాడు. టక్కున అతుక్కుంది. వెర్నా మెట్టు మీద వదిలిన కప్పు కడిగి, అందులో సూప్ పోసుకుని, బల్ల దగ్గర కూర్చుని తాగాడు. ఎదురుగా తెల్లటి ఫ్రిజ్ తలుపు మీద, కింద ఏ కాగితమూ లేకుండా, అయస్కాంతం ఒక్కటే అంటుకుని ఉంది.